నీడన పెరిగిన క్యూబులు

“మా చెల్లిని చంపింది మీరే.”

నీళ్లక్క అరవలేదు. ట్యాంకరు వచ్చిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. పోసిన కాంక్రీటును తడపడం ఆమె పని. అందుకే సైటులో అందరూ ఆమెను అలా పిలుస్తారు.

ఇంజినీరు గుమ్మంలో నిలబడే బల్ల మీది కాగితం వైపు వేలు చూపించాడు. “కూలిన స్లాబు కాంక్రీటు బలం చూడ్డానికి అచ్చుపోసిన క్యూబులు ఆరూ పరీక్షలో నెగ్గాయి. కాంక్రీటు మంచిదే. తడపాల్సింది నువ్వు, తడపలేదు. ఒప్పుకుని వేలిముద్ర వెయ్యి.”

“లోపలికొచ్చి కూర్చోవయ్యా, ఎండలో ఎందుకు?” అన్నాడు విచారణకు వచ్చిన అధికారి. కట్టీకట్టని ఆ భవనంలో నీడ ఉన్న గది అదేనని బల్ల అక్కడ వేయించింది ఆయనే.

“పర్లేదు సార్.”

అధికారి కాగితం మీద పడిన బూడిదరంగు పొడిని ఊదేశాడు. “వేలిముద్ర వేస్తే జైలు నీకేనమ్మా. ఏమంటావు?”

“ఆ క్యూబుల్ని పెంచింది నేనే సార్.”

“పెంచడానికవేమన్నా కోడిపిల్లలా?” ఇంజినీరు నవ్వాడు.

“వాటికన్నా గారంగా పెంచాను. క్యూబులు పొద్దున్నే చల్లటి నీళ్లతో కలిపి పోయించారు. నెలంతా నీడన తొట్టిలో నానబెట్టమన్నారు. స్లాబు మాత్రం మిట్టమధ్యాహ్నం పోశారు. ముట్టుకుంటే కాలింది. సాయంత్రానికే రాయిలా బిగిసిందని మురిసిపోయారు. మర్నాడు ట్యాంకరు ఆపేశారు. ఉన్న నీళ్లు తొట్టికేనన్నారు. వారానికే కింద ఆసరాగా ఉన్న సెంట్రింగ్ చెక్కలు విప్పించారు. వేడికి బిగిసిన కాంక్రీటుకు నీళ్లు కూడా కరువైతే లోపలంతా డొల్లే సార్. పరీక్షలో నెగ్గింది తొట్టి. స్లాబు కాదు.”

“అక్షరమ్ముక్క రాదు, నాకు కాంక్రీటు నేర్పుతుందట!”

“పదహారేళ్లుగా అరచేత్తో చదువుతున్నాను.”

అధికారి కలం ఆగింది. ఇంజినీరు గొంతు పెంచాడు. “అదే రోజు, అదే ఎండలో రెండు స్లాబులు పోశాం సార్! కాంక్రీటుదే తప్పయితే రెండోది కూడా పడాలిగా? నిక్షేపంలా ఉంది!”

చెల్లిని శిథిలాల్లోంచి తీసిన రోజు నుంచి నీళ్లక్కకు ఆకలీ లేదు, ఏడుపూ లేదు, చావంటే భయమూ లేదు. ఎవరు ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటోంది.

అప్పుడే పై అంతస్తులో ఎవరో ఆడమనిషి పకపకా నవ్వింది. అచ్చం చెల్లి నవ్వే. దాని వెంటే ధన్‌మని తట్ట దింపిన చప్పుడు. కాగితం మీద మళ్లీ పొడి రాలింది.

“ఆ రెండో స్లాబు ఎక్కడుందయ్యా?” అడిగాడు అధికారి.

ఇంజినీరు గుమ్మంలోంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

నీళ్లక్క లేచి అధికారి చెయ్యి పట్టుకుని లాగింది.

“మన నెత్తిమీదే. కాగితాలు తర్వాత చూసుకుందురు గాని, ముందు పైన పనిచేస్తున్న ఎనిమిది మంది కూలీలనీ దింపించండి!”