తలల లెక్క

ఆల్మెటా వరండా మెట్టు మీద ఇద్దరూ ఒకేసారి కాలు పెట్టారు. ఒకరు సర్కారు బడి హెడ్‌మిస్ట్రెస్ కార్లిస్ హ్యాచర్, చేతుల్లో పిజ్జా డబ్బాలు. రెండోవారు దాన్నానుకునే ఉన్న చార్టర్ బడి హెడ్‌మాస్టర్ లావెల్ బ్రిగ్స్, చేతిలో బెలూన్ల గుత్తి. ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఆ నవ్వులో పిసరంత తీపి లేదు.

తెల్లారితే డెట్రాయిట్ బళ్లన్నిటా తలల లెక్క. ఆ రోజు ఎన్ని తలలు కనబడితే అంత సర్కారు సొమ్ము. చార్టర్ బడి బతికేదీ ఆ సొమ్ముతోనే, అక్కడా ఫీజు లేదు, పెత్తనం మాత్రం వేరేవాళ్లది. అందుకే ముందురోజు సాయంత్రం రెండు బళ్ల పెద్దలూ పిల్లల కోసం వీధులు గాలిస్తారు. ఈ ఇద్దరూ పోయిన ఆగస్టులోనే కొత్తగా కుర్చీ ఎక్కినవాళ్లు, ఆత్రం ఇంకాస్త ఎక్కువ.

వరండాలో ఐదుగురు పిల్లలు కనిపించారు. ఒంటి మీద ఏ బడి చొక్కా లేదు, ఇంకా ఏ బళ్లోనూ చేరలేదనుకున్నారు ఇద్దరూ. పీచ్ పండ్ల మీద పిండి పరిచి కాల్చిన కాబ్లర్ అనే మిఠాయి గిన్నెల్లోంచి మూతులు ఎత్తడం లేదు.

"అందరూ మీ మనవలేనా, ఆల్మెటా గారూ?" అంది హ్యాచర్.

"నా కూతుళ్ల పిల్లలే. కూర్చోండమ్మా, కాబ్లర్ ఇప్పుడే దించాను."

ఆల్మెటా బెంగంతా ఆ పెద్దరోడ్డు మీదే. రెండు బళ్లూ దానికి అవతల ఉన్నాయి. పోయిన వారం ఓ లారీ మనవడు తవాన్ నెత్తి మీది టోపీని ఎగరేసుకుపోయింది. టోపీతో పోయింది కాబట్టి సరిపోయింది. ఆ రోజే నొప్పి మోకాళ్లతో రెండు బళ్లకీ వెళ్లి, పిల్లల్ని రోడ్డు దాటించే మనిషిని పెట్టమని అడిగింది. అది పక్క బడి పని అన్నారు ఒక బళ్లో. పక్క బడిలోనూ అదే మాట. హెడ్డుతో మాట్లాడతానంటే రెండు చోట్లా మీటింగే. ఇవాళ ఆ ఇద్దరు హెడ్లూ పిలవని పేరంటానికి వచ్చి తన కుర్చీల్లోనే కూర్చున్నారు.

ఆవిడ పిల్లల వైపు ఓ చూపు చూసింది. ఆ చూపు వాళ్లకి తెలుసు. ఇక నోళ్లు తినడానికి తప్ప తెరుచుకోవు.

హ్యాచర్ తమ బడి బ్యాండు గురించి, ఈతకొలను గురించి చెప్పింది. తరగతికి ఇద్దరేసి టీచర్లున్నారన్నాడు బ్రిగ్స్. ఆయన బడి గోడలకి రంగే ఆరలేదని ఈవిడ. ఈవిడ బడి కప్పు కింద పెట్టిన బకెట్లు తనకంటే వయసులో పెద్దవని ఆయన. ఆల్మెటా ఇద్దరికీ మరో గరిటె వడ్డించింది.

"బడి ఎంత గొప్పదైనా ముందు అక్కడిదాకా చేరాలి కదా నాయనా. ఆ రోడ్డు దగ్గర లారీల్ని ఆపే బోర్డు పట్టుకుని నిలబడేదెవరు?"

హ్యాచర్ తక్షణం ఒప్పుకుంది, రోజూ పొద్దున ఒక మనిషిని పెడతానంది. బ్రిగ్స్ పొద్దునా, సాయంత్రమూ అన్నాడు. వానైనా మంచైనా అంది హ్యాచర్. మనిషి దొరికేదాకా తనే నిలబడతానన్నాడు బ్రిగ్స్.

"ఈయన ఆ పక్క నిలబడితే నేను ఈ పక్క నిలబడతా. చూద్దాం ఎవరు ముందొస్తారో," అంది హ్యాచర్.

"ఆ మాటే ఇప్పుడు నా ముందు మీవాళ్లకి ఫోన్ చేసి చెప్పండి," అంది ఆల్మెటా.

ఇద్దరూ పోటీపడి ఫోన్లు తీశారు. రేపు పొద్దున్నే బోర్డులు సిద్ధంగా ఉంచమన్నారు.

"ఇక మీరు చెప్పండి," కుర్చీ ముందుకు జరిపాడు బ్రిగ్స్. "పిల్లల్ని ఎవరి బళ్లో చేరుస్తారు?"

ఆల్మెటా ఖాళీ గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టి లేచింది.

"చేర్చడం ఎప్పుడో అయిపోయింది నాయనా. లేవండర్రా, మీ మీ హెడ్లకి చెప్పాల్సింది చెప్పండి."

పిల్లలు మూతులు తుడుచుకుని లేచారు. తవాన్‌తో కలిపి ముగ్గురు హ్యాచర్ వైపు, మిగతా ఇద్దరు బ్రిగ్స్ వైపు తిరిగి, రెండేళ్లుగా రోజూ బళ్లో చెబుతున్న రాగంతోనే గుడ్ ఈవినింగ్ చెప్పారు.