సైలస్ రెండు పుట్టినరోజులు

దోహాలో మా అబ్బాయి సైలస్ ఇంటికి నేను వచ్చిన వారానికే, మనవరాలు జాయ్స్ రబ్బరు పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"మామ్మా! బళ్ళో వంశవృక్షం గీయమన్నారు. డాడీ పాస్‌పోర్టులో పుట్టిన తేదీ యాభై అయిదు మార్చి అని ఉంది. బాప్తిస్మం కాగితంలో యాభై ఎనిమిది ఆగస్టు. ఒకటి చెరపకపోతే మార్కులు కట్!"

సైలస్ డ్యూటీ బూట్లు విప్పుతూ నవ్వాడు. "నన్ను మూడేళ్ళు మోశావేంటమ్మా? ఏనుగైనా రెండేళ్ళే మోస్తుంది."

"ఇంకా మోస్తూనే ఉన్నాగా!" అన్నాను.

జాయ్స్ మార్చి మీద రబ్బరు పెట్టింది. నేను గబుక్కున దాని చెయ్యి పట్టుకున్నాను.

"అది చెరపకే. మార్చిలో పుట్టింది మీ పెదనాన్న. రెండేళ్ళకే జ్వరంతో పోయాడు. తర్వాత పుట్టిన మీ డాడీకి వాడి పేరే పెట్టుకున్నాం. బళ్ళో వేసేటప్పుడు వయసు చాలదంటే, మీ తాత వాడి తేదీ చెప్పేశారు."

సైలస్ బూటు చేతిలోనే ఉండిపోయింది. జాయ్స్ చెట్టుకి ఇంకో కొమ్మ గీసి, దాని మీద కూడా సైలస్ అని రాసింది.

"అయితే మార్చిలో అన్నయ్య కేకు ఎవరు తింటారమ్మా?" అన్నాడు సైలస్, ముక్కు తుడుచుకుంటూ.

"ఇన్నేళ్ళూ వాడి పుట్టినరోజు వాడుకున్నావు. కేకూ నువ్వే తిను," అన్నాను.