కడగని బోను

తునిలో ఇప్పుడు ప్రతి ఫ్లాటు బాల్కనీలోనూ కుందేళ్లే. వాటికి ఒంట్లో బాగా లేకపోతే బోనే నోరు విప్పి చెబుతుంది.

నూకరత్నం కుందేలు పిల్లలను తల్లి నుంచి వేరు చేసి పాలు మాన్పించిన రెండో రోజున, “అయిదు పిల్లలకీ విరేచనాలు. గడ్డి అరగడం లేదు,” అంది బోను.

నూకరత్నం కంగారుగా పక్కింటి వరహాలమ్మను పిలుచుకొచ్చింది.

“తల్లి పెంటికలేవే?” అడిగింది వరహాలమ్మ.

“గంటకోసారి బోనే కడిగేస్తాది పిన్నీ.”

“అదే కొంప ముంచింది! అవి తింటేనే పిల్లల పొట్టలో గడ్డి అరిగించే పురుగు పుడతాది.”

నూకరత్నం కడగడం ఆపించి, పిల్లలను మళ్లీ తల్లి దగ్గర వదిలింది. వారం తిరిగేసరికి అయిదూ గడ్డి నములుతూ గంతులేశాయి.

ఆ సాయంత్రం పై అంతస్తు ఆడవాళ్లు గిన్నెలతో గుమ్మంలో నిలబడి, పెరుగు అడిగినంత తేలిగ్గా అడిగారు:

“రత్నమ్మా, తోడుకి నాలుగు పెంటికలుంటే పెట్టవా?”