పాత కారు వైరు

కరెంటు పోగానే ప్రసూన వాకిట్లో ఉన్న ఎలక్ట్రిక్ కారుకు వైరు తగిలించి, కిటికీలోంచి మామగారి ఆక్సిజన్ మిషన్‌కు కలిపింది. ముప్ఫై ఏళ్ళు రైలింజన్ నడిపిన సూర్యం ఊపిరి మళ్ళీ కుదుటపడింది.

"కొత్త కారైతే నాలుగు సెకన్లలో వంద అందుకుంటాది. చకర్‌భాటా రోడ్డు మీద మనల్ని పట్టేవాడుండడు," అన్నాడు ఆమె మొగుడు వేణుగోపాల్, ఫోన్‌లో బొమ్మ చూస్తూ. "రేపే దీన్ని ఎక్స్‌చేంజ్‌కి ఇచ్చేద్దాం."

"దానికి ఈ ప్లగ్గు ఉంటాదా?"

"లేదు. అయితే ఏటి?"

"మరి మావయ్యగారికి? ఇన్వర్టరైనా పెట్టించండి."

"ఇప్పుడు ఇన్వర్టరెందుకు, దండగ."

కాసేపు ఆలోచించి షోరూముకు ఫోన్ చేశాడు. డెలివరీ రేపు వద్దని, ఒకటో తారీకుకి మార్చమని హిందీలో చెప్పాడు.

ప్రసూన మనసు తేలికపడింది. ఎంతైనా కన్నతండ్రి కదా అనుకుంది.

"నాన్న నెలాఖరు దాటడన్నాడు డాక్టరు," అన్నాడు వేణుగోపాల్, గొంతు తగ్గించకుండానే.

మంచం మీద సూర్యం కళ్ళు తెరవలేదు.

"రెండ్రోజులు ఎక్కువెట్టుకోరా బాబూ," అన్నాడు. "బండ్లు లేటవుతుంటాయి."

వేణుగోపాల్ మళ్ళీ షోరూముకు ఫోన్ కలిపాడు.