కుడిచేతి పేచీ

"రెండు చేతులూ తగ్గిపోతే ఎలాగండీ మాస్టారూ!" అంది డాక్టరమ్మ, ఏడుపొక్కటే తక్కువగా.

డ్రిల్లు మాస్టారు బిత్తరపోయాడు. ఏళ్ల తరబడి ఎగ్జిమాతో గోకి గోకి పుండ్లు చేసుకున్న చేతులు ఇప్పుడు మోచేతి మడత దాకా నున్నగా ఉన్నాయి. చూసి మెచ్చుకుంటారని పొట్టి చేతుల చొక్కా తొడుక్కుని మరీ వచ్చాడు పాపం. వచ్చీ రాగానే ఈ అక్షింతలేమిటి!

"తగ్గడానికే కదమ్మా మందిచ్చావు?"

"ఎడమ చేతికే ఇచ్చాను! కుడి చేతికిచ్చింది ఉత్త లేపనం. అందులో మందే లేదు."

ఆ సంగతి మాస్టారికి ఇప్పుడే తెలిసింది. తెల్లమూత ట్యూబు ఎడమ చేతికి, నీలంమూత ట్యూబు కుడి చేతికి అన్నారే తప్ప, ఎందులో ఏముందో ఆ రోజు చెప్పలేదు. తెల్లమూతది అల్లాటప్పా మందు కాదు. జబ్బులేని వాళ్ల చర్మం మీద కాపలా ఉండే మంచి సూక్ష్మజీవుల్ని తీసి, ల్యాబులో పెంచి, లేపనంలో కలిపారు. ఫ్రిజ్‌లో పెట్టుకుని వాడాల్సిన, బతికున్న మందు. డాక్టరమ్మ దానికోసం తిండీ తిప్పలూ మానేసి పనిచేసింది. అది వాడిన మొట్టమొదటి మనిషి మాస్టారే.

కిటికీ దగ్గర నిలబడ్డ ల్యాబు డైరెక్టరు గొంతు సవరించుకున్నాడు.

"చూడమ్మా, మందు లేని చెయ్యి కూడా తగ్గిందంటే, మందు చేసిన ఘనకార్యం ఏమీ లేదన్నమాట. ఈ పరీక్ష ఇంతటితో ఆపేద్దాం."

డాక్టరమ్మ గిరుక్కున మాస్టారి వైపు తిరిగింది.

"ట్యూబులు అటూ ఇటూ చేశారా? నిజం చెప్పండి, నేనేమీ అనను."

"రాసింది నేను," అంది మాస్టారి భార్య. చేతిరుమాలు ఎడమ చెంపకి అడ్డం పెట్టుకుని, ఇంతసేపూ నోటికి తాళం వేసుకుని కూర్చుందావిడ. ఇక ఆవిడ వల్ల కాలేదు. "రోజూ పడుకోబోయే ముందు నా చేత్తో నేనే రాశాను. ఈయనకి అప్పగిస్తే ఇంకేమన్నా ఉందా? కుడేదో ఎడమేదో తెలిస్తేగా!"

"ఏమే! ఊరి పిల్లలందరికీ లెఫ్ట్ రైట్ నేర్పినవాణ్ణి!"

"పిల్లలకి నేర్పారు లెండి. ఎడం కాలి చెప్పు కుడి కాలికి తగిలించుకుని వీధి చివరిదాకా వెళ్లిందెవరు?" అని, డాక్టరమ్మ వైపు తిరిగింది. "చేతికి తొడుగేసుకుని, మీరిచ్చిన చెక్కపుల్లతోనే రాశానండీ. నా చెంపలు రెండింటికీ ఇదే రోగం, నాకూ కాస్త ఇవ్వండి అంటే ఆ రోజు కుదరదన్నారు. అయినా ఆ ట్యూబు వంక కన్నెత్తి చూశానేమో అడగండి!"

"ముందు చేతుల మీద చూశాకే మొహానికి అమ్మా, అందుకే..."

"నా సంగతి వదిలేయండి. ఈయన గోకుడు ఆగింది, నాకది చాలు. ఏమండీ, మీరు మాట్లాడరేం? చెప్పండి!"

భార్య అందుకోగానే మాస్టారు చేతులు కట్టుకుని బుద్ధిగా నిలబడ్డాడు. డాక్టరమ్మ చూపు ఆ చేతుల మీద ఆగిపోయింది. ఎడమ ముంజెయ్యి కుడి ముంజేతికి అంటుకుపోయి ఉంది.

"మాస్టారూ, మీరెప్పుడూ ఇలాగే నిలబడతారా?"

"ఎప్పుడూ ఇంతే," భార్యే జవాబిచ్చింది. "గ్రౌండులో పట్టుకున్న అలవాటు. ఇంట్లో నేను నోరు విప్పితే చాలు, చేతులు కట్టేసుకుంటారు."

"అంటే పొద్దస్తమానం కట్టుకునే ఉంటానమ్మా," అన్నాడు మాస్టారు.

డాక్టరమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది. "సార్! ఆ సూక్ష్మజీవులు పాకాయి సార్! ఎడమ చేతి నుంచి కుడి చేతికి!"

డైరెక్టరు నవ్వాడు. మనిషి చెడ్డవాడు కాదు గానీ, చూస్తే తప్ప నమ్మడు.

"ఊహ బాగుందమ్మా. కానీ కుడి చెయ్యి దానంతటదే తగ్గిందేమో ఎవరికి తెలుసు? ఒక చర్మం మీద నుంచి ఇంకో చర్మం మీదకి పాకినట్టు ఒక్క రుజువు చూపించు, ఆపను."

రుజువు ఎక్కణ్ణుంచి తెస్తుంది? డాక్టరమ్మ కుర్చీలో కూలబడింది. ఆపుకుందామనుకున్నా కన్నీళ్లు ఆగలేదు.

"అయ్యయ్యో, ఏడవకు తల్లీ!" మాస్టారి భార్య గబుక్కున లేచి, చెంపకి అడ్డం పెట్టుకున్న చేతిరుమాలే ఆమె చేతిలో పెట్టింది.

డాక్టరమ్మ కళ్లు తుడుచుకుని తలెత్తింది. ఎత్తిన తల ఎత్తినట్టే ఉండిపోయింది.

మాస్టారి భార్య ఎడమ చెంప ఎప్పటిలాగే ఎర్రగా, పొలుసులు పొలుసులుగా ఉంది. కుడి చెంప మాత్రం మాస్టారి చేతుల్లాగే నున్నగా ఉంది.

"అమ్మా, కుడి చెంపకి మందు రాసుకున్నారా?"

"ఒట్టు! తాకను కూడా తాకలేదు. అదెలా తగ్గిందో నాకే అంతుబట్టలేదు. మళ్లీ నా మీదే అనుమానమా?"

"మరి ఒక్క కుడివైపే ఎలా తగ్గిందమ్మా?"

డైరెక్టరు కూడా కిటికీ వదిలి దగ్గరికొచ్చి వంగి చూశాడు. ఆవిడ ఏదో అనబోయి, ఠక్కున ఆగిపోయింది. చూస్తూ చూస్తుండగానే కుడి చెంప కూడా ఎర్రబడింది.

గ్రౌండు ఆ చివరిదాకా వినిపించే గొంతున్న డ్రిల్లు మాస్టారు, కట్టుకున్న చేతులు విప్పి, నేల చూపులు చూస్తూ మెల్లగా అన్నాడు.

"ఆవిడకి తలగడ పడదండీ. పెళ్లయిన దగ్గర్నుంచీ నా ఎడమ చేతి మీదే నిద్ర."