ఓడ మీద తుప్పు

"థూ. ఏం పని చేసినవ్ బాబు భాయ్" అన్నాడు ఇమ్మానుయేల్.

పెద్దమందడి బడిలో, ఎగ్జిబిషన్ బల్ల మీద, అతను రెండేళ్లు కూర్చుని చెక్కిన మూరెడు యుద్ధనౌక వెండిరంగులో తళతళలాడుతోంది. దారంతో కట్టిన రెయిలింగు రంగుకి ముద్దకట్టింది. సిరంజి సూదులతో చేసిన ఫిరంగుల నోళ్లు పూడుకుపోయాయి.

ఫ్లెక్సీలొచ్చాక బోర్డులు రాసే పని తగ్గిన బాబు మియా బ్రష్ తుడుచుకుంటూ, "రేపు కలెక్టర్ వస్తుండంట. ఓడకంత తుప్పు మరకలే ఉండె. నీ ఇజ్జత్ పోవద్దని ఇంట్లకెల్లి డబ్బా తెచ్చి కొట్టిన" అన్నాడు.

"ఆ తుప్పు నేనే పెట్టిన. ఇటుకపొడి, చాయ్ డికాక్షన్ కలిపి, నెల రోజులు."

"తుప్పు ఎవరన్న కావాలని పెడ్తరా?"

"నేను నౌకరి చేసిన ఓడకు గట్లనే ఉండె. పెద్దాఫీసర్ వస్తుండు, తుప్పు గీకి రంగెయ్యమన్నరు. గీకుడంటే రెండు దినాల పని. నేను గీకలే, రెయిలింగుకు పైపైన రంగేసిన. తెల్లారి నా జతగాడు ఆ రెయిలింగుకు ఆనుకున్నడు. అది ఇరిగింది. సముద్రంల పడ్డోడు మల్ల దొరకలే."

బాబు మియా తన వేళ్లకంటిన వెండిరంగు చూసుకున్నాడు.

"నీ మీద ఉమ్మనీకి నాకేం మొకముంది" అన్నాడు ఇమ్మానుయేల్ మెల్లగా.

బాబు మియా సంచిలోంచి రంగు కరిగించే టిన్నర్ సీసా తీసి గుడ్డ తడిపాడు. "ఆ రెయిలింగు ఏ జాగనో చూపియ్యి."

ఇమ్మానుయేల్ తన జతగాడు ఆనుకున్న చోట, రెయిలింగు మీద వేలు పెట్టాడు.