చాచిన కాలు

"సర్కారు పైసలతోని కుక్కల మీద ప్రయోగాలు జెయ్యొద్దని ఉప్పల్ చౌరస్తాల ధర్నాకు కూసుంటే, ముసలిదైందని దీన్నొక్కదాన్ని ల్యాబోళ్లు ఇడిసిపెట్టిన్రమ్మా" అంటూ త్రివేణి కుక్కను నాచారంలోని ఇంటికి తెచ్చింది.

షుగరుతో బాధపడే తల్లి మాణిక్యమ్మకు కోపం వచ్చింది. "కుక్కల మీద జేసి సూడకుంటే నా మందెట్ల వస్తుండే? నన్ను సావుమంటవా?"

త్రివేణి కుక్కను మూలన పడుకోబెట్టింది.

మాణిక్యమ్మ ఇన్సులిన్ కోసం సూది తీసింది. మూలన పడుకున్న కుక్క లేచి వచ్చి, వణుకుతూనే ఆమె ముందు కూర్చుని కాలు చాచింది.

"నీకు గాదు బిడ్డా, నాకు" అందామె. కుక్క కాలు తీయలేదు.

మాణిక్యమ్మ వంటింట్లోకి పోయి, తలుపేసుకుని సూది వేసుకుంది. బయటికొచ్చి కూతుర్ని మెల్లగా అడిగింది.

"ఆడ ఇంకా ఎన్నున్నయే?"